రెండు సెన్సర్లు ఒకే అబద్ధం చెబితే ఓటింగ్ ఏం చేస్తుంది?

అడిగింది మెకట్రానిక్స్ చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. కావలి వైపు ఊరు, వాళ్ల నాన్నకు అల్లూరు దగ్గర రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. ప్రశ్న క్లుప్తంగా ఇది: "నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో డీఓ సెన్సర్‌తో చూసి ఏరేటర్లను (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలను) ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ ప్రాజెక్టుగా చేస్తున్నాను. సెన్సర్ తప్పు చెబితే ఏం చేస్తావని రివ్యూలో అడిగారు. విమానాల్లో లాగా మూడు సెన్సర్లు పెట్టి మెజారిటీ తీసుకుంటానన్నాను. సరిపోదన్నారు, ఎందుకో చెప్పలేదు. ఎందుకు సరిపోదు సార్?"

అమ్మా, "సరిపోదు" అనేసి ఎందుకో చెప్పకపోవడం మాస్టార్లకు పాత అలవాటే. కానీ వాళ్లన్నది నిజం. నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేశాను. బయటికొచ్చాక ఒంగోలులో ఉంటూ చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో సర్వో డ్రైవులు, పీఎల్‌సీ ప్యానెళ్లు చూసుకుంటున్నాను. ఈ నాలుగైదేళ్లుగా రొయ్యల రైతులు కూడా పిలుస్తున్నారు. అందుకే నీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర సముద్రంలో ఒక ఎయిర్‌బస్ ఏ320 కూలింది. లీజుకు తీసుకున్న విమానాన్ని తిరిగి ఇచ్చే ముందు చేసే పరీక్ష ప్రయాణం అది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. గాలి రెక్కకు ఏ కోణంలో తగులుతోందో చెప్పే సెన్సర్లు ఆ విమానానికి మూడున్నాయి, నువ్వు పెడతానన్నట్టే. మూడు రోజుల ముందు విమానాన్ని నీళ్లతో కడిగారు. కడిగేటప్పుడు ఆ సెన్సర్లకు కవర్లు కప్పాలి, కప్పలేదు. లోపలికి దూరిన నీరు పైకెళ్లాక గడ్డకట్టింది. రెండు సెన్సర్లు ఇంచుమించు ఒకే కోణం దగ్గర బిగుసుకుపోయాయి. మూడోది శుభ్రంగా పనిచేస్తూనే ఉంది.

ఇప్పుడు మెజారిటీ ఏం చేస్తుందో నువ్వే చెప్పు. ఇద్దరు ఒక మాట, ఒకరు ఇంకో మాట. కంప్యూటర్ నిజం చెప్పేదాన్ని పక్కకు నెట్టి, బిగుసుకుపోయిన రెండింటినీ నమ్మింది. ఆ తరువాత పైలట్లు తక్కువ ఎత్తులో వేగం తగ్గించి, విమానం తనను తాను కాపాడుకుంటుందో లేదో చూడబోయారు. కాపాడాల్సిన లాజిక్‌కు అందుతున్న కోణమే తప్పు.

ఓటింగ్ లెక్క వెనకాల ఎవరూ పైకి చెప్పని ఒక షరతు ఉంది. చెడిపోతే ఒక్కటే చెడిపోవాలి, లేదా రెండు చెడినా వేరువేరు కారణాలతో, వేరువేరు అంకెలు చూపిస్తూ చెడాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నీళ్లు, ఒకే మనిషి ఒకే గుడ్డతో తుడిచేవి అయితే అవి మూడు సెన్సర్లు కావు, ఒకే తాను ముక్కలు. నీ చెరువులో నాచు మూడింటి మీదా ఒకేసారి పడుతుంది. వారం తిరిగేసరికి మూడూ కలిసి ఒకే దారిలో పక్కకు జరుగుతాయి, చక్కగా ఒకదానితో ఒకటి ఏకీభవిస్తూ. ఓటింగ్‌కు వంద మార్కులు, చెరువుకు సున్నా.

రాకెట్ల వాళ్లూ ఈ దెబ్బ తిన్నారు. 1996 జూన్ 4న ఏరియన్-5 మొదటి ప్రయాణంలో దిక్కు చెప్పే పరికరాలు రెండున్నాయి, ఒకటి పోతే ఇంకొకటి అందుకోవడానికి. రెండిట్లోనూ ఒకటే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల అంకెను 16 బిట్లలో కుక్కబోయి స్పేర్‌ది ముందు ఆగిపోయింది, రెప్పపాటులో అదే అంకెకు అదే కారణంతో అసలుదీ ఆగిపోయింది. ఇంకా ఘోరం, అది ఆగిపోతూ పంపిన డయాగ్నస్టిక్ సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారం అనుకుని నాజిళ్లను పూర్తిగా తిప్పేసింది. 2013 జూలై 2న రష్యా ప్రోటాన్-ఎం రాకెట్‌లో కోణీయ వేగం చెప్పే సెన్సర్లు కొన్నింటిని తలకిందులుగా బిగించారు. తలకిందులుగా ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి ఒప్పుకుంటూనే ఉన్నాయి, రాకెట్ మాత్రం ఎగిరిన కొన్ని సెకన్లకే తిరగబడి నేలను కొట్టింది.

అందుకే విమానాల్లో ఎన్ని పెట్టామన్నదాని కంటే అవి ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయన్నదాని మీద ఎక్కువ ఖర్చు పెడతారు. ఏ320లో రెండు రకాల ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లకు వేరువేరు కంపెనీల ప్రాసెసర్లు వాడారు. స్పేస్ షటిల్‌లో ఐదు కంప్యూటర్లుంటే నాలుగింట్లో ఒక సాఫ్ట్‌వేర్, ఐదోదాంట్లో వేరే బృందం విడిగా రాసిన సాఫ్ట్‌వేర్. నీ స్థాయిలో ఇది పెద్ద ఖర్చేం కాదు. ఒకటి కాంతితో కొలిచే ఆప్టికల్ ప్రోబ్, ఒకటి రసాయన చర్యతో పుట్టే కరెంటును బట్టి కొలిచే గాల్వానిక్ ప్రోబ్ పెట్టు. ఒకటి గట్టు దగ్గర, ఒకటి మధ్యలో. ముఖ్యంగా, రెండూ ఒకే రోజు తుడవకండి. ఒకటి సోమవారం తుడిస్తే రెండోది గురువారం. తుడిచిన రోజున దాని రీడింగ్ గబుక్కున ఎంత మారిందో, ఇంతవరకూ అది ఎంత అబద్ధం చెబుతూ వచ్చిందో అంత. ఇది ఏ అల్గారిథమ్ కంటే మంచి సమాచారం, పైగా ఉచితం.

సరే, ఓటింగే చేద్దామనుకుందాం. ఎలా చేస్తావు? చాలామంది సగటు తీస్తారు. లీటరు నీటికి మిల్లీగ్రాముల్లో 4.8, 4.6, 0.2 వస్తే సగటు 3.2 అవుతుంది. చెరువులో ఏ మూలా లేని అంకె అది. మధ్య అంకె తీసుకుంటే 4.6, బాగానే ఉంది. విమానాల్లో ఈ మధ్య అంకె పద్ధతి బాగా వాడుకలో ఉంది.

కానీ నీ చెరువుకు మధ్య అంకె కూడా తీసుకోవద్దంటాను. ఎందుకో చూడు. సెన్సర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తే ఏమవుతుంది? ఏరేటర్లు అవసరం లేకున్నా తిరుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, నాన్న నాలుగు మాటలంటారు. ఎక్కువ చూపిస్తే? ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యలు నీటిపైకి తేలతాయి, పంట పోతుంది. రెండు అబద్ధాల ఖరీదు ఒకటి కాదు. కాబట్టి నమ్మదగ్గ రీడింగుల్లో అన్నిటికంటే తక్కువ ఉన్నదాన్ని తీసుకో. విమానానికి ఈ సౌకర్యం ఉండదు, ముక్కు అతిగా పైకి లేచినా ముప్పే, కిందికి దిగినా ముప్పే. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంకాస్ అనే లాజిక్ రెండు కోణం సెన్సర్లలో ఒక్కదాన్నే చూసి ముక్కును కిందికి నెట్టింది. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. ఆ తరువాత రెండు సెన్సర్లనూ పోల్చి, అవి 5.5 డిగ్రీలు గానీ అంతకుమించి గానీ తేడాగా ఉంటే ఎంకాస్ పనిచేయకుండా మార్చారు. గమనించు, ఎవరిది తప్పో వాళ్లు తేల్చలేదు. "మీలో మీకే పడటం లేదు కాబట్టి నేనేం చెయ్యను" అనడమే అక్కడ క్షేమం. నీ చెరువులో "మీలో మీకే పడటం లేదు కాబట్టి ఏరేటర్లు తిప్పేస్తాను" అనడం క్షేమం. ఏ యంత్రానికి ఏది క్షేమమో ముందు తేల్చుకుని, ఓటింగ్ సంగతి ఆ తరువాత చూడాలి.

"నమ్మదగ్గ రీడింగులు" అన్నాను కదా, అది ఎలా తెలుస్తుంది? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఉండకూడదు కంట్రోలర్. ముందు మోటు పరీక్షలు పెట్టు. రీడింగ్‌ను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపే సెన్సర్ తీసుకుంటే సున్నా దగ్గర మొదలవకుండా 4 దగ్గర ఎందుకు మొదలవుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? వైరు తెగితే సున్నా వస్తుంది. "ఆక్సిజన్ లేదు", "వైరు లేదు" అనే రెండు వార్తలూ కలిసిపోకుండా పాతకాలపు ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు చేసిన ఏర్పాటు అది. ఫాల్ట్ డిటెక్షన్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే, ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు. రెండోది, ఒక్క నిమిషంలో 5 నుంచి 1కి పడిపోతే అది చెరువు కాదు, కనెక్టర్‌లో నీళ్లు. మూడోది, చాలామంది మరిచిపోయేది: అరగంట పాటు రెండో దశాంశం కూడా కదలకపోతే అనుమానించు. నిజమైన నీళ్లు నిలకడగా ఉండవు. పెర్పిన్యాన్ సెన్సర్లు చేసింది అదే, కదలకుండా కూర్చున్నాయి.

ఆ తరువాతే మోడల్. చెరువు ఎలా ప్రవర్తించాలో నీకు ముందే కొంత తెలుసు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగు బురద కలిసి తాగేస్తాయి. కాబట్టి ఏరేటర్లు ఆగి ఉన్న రాత్రి డీఓ పడాలి. ఏరేటర్లు ఆన్ చేశాక కొంతసేపటికి ఆ పడటం నెమ్మదించాలి, లేదా డీఓ పెరగాలి. ఈ ఊహించిన అంకెకూ సెన్సర్ చెప్పిన అంకెకూ మధ్య తేడాను పుస్తకాల్లో రెసిడ్యువల్ అంటారు. కాల్మన్ ఫిల్టర్, అబ్జర్వర్ అంటూ నీ సిలబస్‌లో ఉన్న పెద్ద పేర్లన్నీ ఆ ఊహను బాగా చెయ్యడానికి పనికొచ్చే పనిముట్లే. వాటి గణితం పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉంటుంది. నేను చెప్పగలిగింది తేడా వచ్చాక జరిగే కథ. అసలు చిక్కంతా అక్కడే.

తేడా ఎంత దాటితే ఫాల్ట్ అనాలి? మూడు సిగ్మాలు అంటారు అందరూ. రీడింగ్ మామూలుగా ఎంత ఊగిసలాడుతుందో (దాన్నే నాయిస్ అంటారు) చెప్పే కొలత సిగ్మా. లెక్క చూద్దాం. నాయిస్ చక్కని గంట ఆకారంలో ఉందనుకుంటే మూడు సిగ్మాలు దాటే అవకాశం 0.27 శాతం. వినడానికి చిన్నదే. నిమిషానికో రీడింగ్ తీస్తే రోజుకు 1,440 రీడింగులు, అంటే రోజుకు నాలుగు దొంగ అలారాలు. సెకనుకొకటి తీస్తే 230 పైనే. వారానికి నీ సిస్టమ్ నాన్నా పులి కథ అయిపోతుంది. మీ నాన్న అలారం వైరు పీకేస్తారు, ఆయన తప్పేం లేదు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, వరసగా ఇన్నిసార్లు దాటితేనే ఫాల్ట్ అనడం. రెండోది, చిన్నచిన్న తేడాలను కూడబెట్టడం: ప్రతి తేడా నుంచి కొంచెం మినహాయింపు తీసేసి, మిగిలింది కూడుతూ పోవాలి, మొత్తం సున్నా కిందికి వెళ్తే సున్నా చేసేయాలి, ఒక గీత దాటితే అలారం. కొట్లో అప్పు ఖాతా లాంటిది. రోజూ ఐదు రూపాయలే, కానీ నెల తిరిగేసరికి షావుకారు అడుగుతాడు. దీన్ని క్యూసమ్ అంటారు, పేజ్ అనే ఆయన 1954లో ప్రతిపాదించాడు. నాచు పట్టి నెమ్మదిగా జరిగిపోయే సెన్సర్‌ను పట్టడానికి ఇదే సరైనది, మూడు సిగ్మాల గీత దాన్ని చాలా ఆలస్యంగా గానీ పట్టలేదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చీమకుర్తి దగ్గర ఒక ఫ్యాక్టరీలో గెలాక్సీ గ్రానైట్ పలకలు కోసే బ్రిడ్జ్ కట్టర్ ఉండేది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఫాలోయింగ్ ఎర్రర్ అని డ్రైవ్ ట్రిప్ అయ్యేది. వెళ్లమన్న చోటికీ నిజంగా ఉన్న చోటికీ తేడా గీత దాటింది అని దాని అర్థం, అచ్చం మన రెసిడ్యువలే. రాత్రంతా గైడ్‌ల మీద రాయి బురద ఎండి బిగిసేది, అందుకే పొద్దున ఒక్కసారే వచ్చేది. షిఫ్ట్ ఆగుతోందని సూపర్‌వైజర్ గోల. నేను ఆ పారామీటర్‌ను 2 మి.మీ. నుంచి 10 మి.మీ. చేశాను. అలారం మాయమైంది, అందరూ సంతోషం. రెండు నెలలకు ఒక రాత్రి, క్యారేజ్‌ను (బ్లేడ్‌ను మోసే బండిని) కదిపే స్క్రూకు, మోటారుకు మధ్య ఉండే కప్లింగ్ వదులై జారడం మొదలుపెట్టింది. ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ మోటారు మీద ఉంది. మోటారు బ్రహ్మాండంగా తిరుగుతోంది కాబట్టి కంట్రోలర్‌కు లోకమంతా సుభిక్షం. క్యారేజ్ మాత్రం కుదుపులు కుదుపులుగా కదిలి బ్లేడ్ సెగ్మెంట్లు రాలిపోయాయి, పలక ముక్కలైంది.

కప్లింగ్ జారడానికి, నేను పెంచిన గీతకు నేరుగా సంబంధం లేదని ఓనర్‌కు చెప్పాను. సాంకేతికంగా నిజమే, మోటారు వైపు ఎన్‌కోడర్ ఆ జారుడును 2 మి.మీ. గీతతో కూడా చూడలేదు. కానీ పొద్దున వచ్చే ఆ అలారం "గైడ్‌లు బిగుసుకుంటున్నాయి, ప్రతి స్టార్ట్‌కూ కప్లింగ్ మీద దెబ్బ పడుతోంది" అని రోజూ మొత్తుకుంది, నేను దాని నోరు మూశాను. తరువాత క్యారేజ్ ఉన్న చోటును నేరుగా కొలిచే లీనియర్ స్కేల్ దాని మీద పెట్టించి, మోటారు ఎన్‌కోడర్‌తో దాన్ని పోల్చే లాజిక్ రాశాను. ఇక్కడ రెండూ వేరు రకం సెన్సర్లు, వేరు చోట్లు. వాటి మధ్య తేడా అంటే అది కప్లింగ్ మాటే.

గీత వెడల్పు చేస్తే ఇలా. మరి బిగిస్తే? దానికి మన ఇంటి పక్కనే ఉదాహరణ ఉంది. శ్రీహరికోట 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నా వయసు వాళ్లకు అదింకా నెల్లూరు షారే. అదే సంవత్సరం ఆగస్టు 7, ఆదివారం, ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయాణం. ఆ రోజు నెల్లూరులో మా అక్క వాళ్లింట్లో టీవీ ముందు కూర్చున్నాను. అందులో ఆజాదీశాట్ అని 750 మంది ప్రభుత్వ బడి అమ్మాయిలు పాలుపంచుకున్న చిన్న ఉపగ్రహం కూడా ఉంది. మూడు ఘన ఇంధన దశలూ బాగా మండాయి. అయినా 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక వైపు 356, ఇంకో వైపు 76 కిలోమీటర్ల కక్ష్య వచ్చింది. 76 కిలోమీటర్లంటే గాలిలోకి దిగినట్టే, ఉపగ్రహాలు నిలవలేదు.

కారణం ఇస్రోనే చెప్పింది. రెండో దశ విడిపోయేటప్పుడు పరికరాలున్న డెక్ కొద్దిసేపు గట్టిగా వణికింది. ఆ వణుకు నావిగేషన్ సెన్సర్లకు తగిలింది. ఫాల్ట్‌ను కనిపెట్టి వేరుచేసే సాఫ్ట్‌వేర్ ఆ సెన్సర్లు చెడిపోయాయని తీర్మానించింది. రాకెట్ సాల్వేజ్ మోడ్‌లోకి, అంటే ఉన్నదాంతో ఎలాగోలా గట్టెక్కే పద్ధతిలోకి వెళ్లింది. చివరికి కావాల్సిన వేగానికి సెకనుకు 56 మీటర్లు తక్కువైంది. ఏడున్నర వేల మీటర్ల పైచిలుకు వేగంలో 56 మీటర్లు.

ఈ సంగతి నీ రివ్యూలో చెప్పు, ఎందుకంటే నువ్వు చదివే అధ్యాయానికి మన దేశంలో ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇంజన్లు చెడలేదు. వణుకు కాసేపే. ఆ కాసేపు ఓపిక పట్టాల్సిన లాజిక్ తొందరపడి తీర్పు చెప్పింది. రక్షణ కోసం పెట్టినదే దారి మళ్లించింది. ఇస్రో వాళ్లు ఆ దశ విడదీసే పద్ధతిని మార్చారు, డెక్ నిర్మాణం మార్చారు, లాజిక్‌నూ మార్చారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయాణం విజయవంతమైంది.

అయితే ఎంతసేపు ఓపిక పట్టాలి? దీనికి జవాబు సెన్సర్‌లో ఉండదు, యంత్రంలో ఉంటుంది. తేజస్ లాంటి ఫైటర్ కావాలనే అస్థిరంగా తయారు చేసింది, కంప్యూటర్ పట్టుకుని ఉండకపోతే సెకనులో కొంత భాగంలోనే చేతులు దాటిపోతుంది. అందుకే దానికి నాలుగు చానెళ్ల ఫ్లై-బై-వైర్ (పైలట్ కదలికలను కంప్యూటర్ ద్వారా రెక్కలకు పంపే పద్ధతి), తీర్పు మిల్లీ సెకన్లలో రావాలి. నీ చెరువు అలా కాదు. గట్టిగా పిల్ల వేసిన చెరువులో రాత్రిపూట ఏరేటర్లు ఆగితే డీఓ గంటకు లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా పడుతుందనుకో. 5 దగ్గర ఉంటే నీకు గంట చేతిలో ఉంది, 3.5 దగ్గర ఉంటే పది నిమిషాలు కూడా వృథా చెయ్యకూడదు. కాబట్టి ఓపికను ఒకే అంకెగా రాయకు. డీఓ ఎక్కువున్నప్పుడు పదిహేను నిమిషాలు చూసి తీర్పు చెప్పు, తక్కువున్నప్పుడు రెండు నిమిషాలకే కదులు. పొరపాటైతే పోయేది కరెంటే.

ఆగిపోవడం ఎప్పుడూ క్షేమం అనుకోవద్దు. 2023 అక్టోబర్ 21న ఇస్రో గగన్‌యాన్ కోసం చేసిన టీవీ-డి1 పరీక్ష రాకెట్ ప్రయోగంలో కౌంట్‌డౌన్ ఇంకో 5 సెకన్లుందనగా కంప్యూటర్ తేడా కనిపెట్టి ఆపేసింది. సమస్య చూసి సరిచేసి 10 గంటలకు ఎగరేశారు. నేల మీద ఉంది కాబట్టి ఆపడం క్షేమం. ఎగిరాక ఆపడం అనే మాటే లేదు. నీ ఏరేటర్లు ఎగిరిన రాకెట్ లాంటివి. మోటారు ప్యానెళ్లలో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉంటుంది కదా, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేస్తుంది. మోటారు కాలకుండా కాపాడుతుంది, తప్పు లేదు. కానీ ఫేజు తిరిగి వచ్చినా చేత్తో రీసెట్ చేసేదాకా అలాగే కూర్చునే రకం పెడితే, మోటారును కాపాడి రొయ్యల్ని చంపిన ఫాల్ట్ డిటెక్షన్ అవుతుంది. ఇలాంటి చెరువు నేను కళ్లారా చూశాను. ఉదయం మోటార్లన్నీ చల్లగా, క్షేమంగా ఉన్నాయి.

ఇక యాక్చువేటర్ వైపు, అంటే కంట్రోలర్ చెప్పిన పని చేసే భాగాల వైపు. నీ ప్రశ్నలో దాని ఊసే లేదు, అందరూ సెన్సర్ దగ్గరే ఆగిపోతారు. ఆన్ అవమని రిలేకు చెప్పావు, అయిందా? మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పడిందో లేదో చెప్పే సహాయక కాంటాక్ట్ చూసుకో. కాంటాక్టర్ పడింది, మోటారు తిరుగుతోందా? కరెంటు చూసుకో. మోటారు తిరుగుతోంది, రెక్కలు తిరుగుతున్నాయా? గేర్‌బాక్స్ పోయినా షాఫ్ట్ విరిగినా మోటారు హాయిగా ఖాళీగా తిరుగుతుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. రెండు హెచ్‌పీ లాంటి చిన్న ఇండక్షన్ మోటారు లోడ్ లేకపోయినా పూర్తి కరెంటులో సగం దాకా లాగుతుంది, కాబట్టి ఆంపియర్లలో తేడా అంత స్పష్టంగా కనపడదు. పవర్ కొలువు. లోడ్ లేకపోతే వాట్లు బాగా పడిపోతాయి, దాంట్లో దాపరికం ఉండదు. మార్కెట్లో దొరికే త్రీఫేజ్ ఎనర్జీ మీటర్‌ను మోడ్‌బస్ (మీటర్లు, కంట్రోలర్లు మాట్లాడుకునే పద్ధతి) మీద చదివితే చాలు. డీఓ సెన్సర్ కంటే ముందే ఇది పెట్టమంటాను.

1989 జూలై 19న అమెరికాలో ఒక డీసీ-10 విమానం తోక ఇంజన్ పగిలి, ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. మూడు వేరు వ్యవస్థలే, కానీ తోక దగ్గర మూడింటి పైపులూ పక్కపక్కనే వెళ్లాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్ల థ్రాటిళ్లతోనే విమానాన్ని తిప్పుకుంటూ సూ సిటీ దాకా తెచ్చారు. 112 మంది చనిపోయారు, 184 మంది బతికారు. ఆ తరువాత నాసా వాళ్లు థ్రాటిళ్లతోనే దించే కంట్రోల్ రాసి, 1995లో ఎండీ-11ను అలా దించి చూపించారు. ఒక అవయవం పోతే ఇంకో అవయవంతో పని కానివ్వడం అంటే ఇది. మీ నాన్న చెరువులో ఆరు ఏరేటర్లున్నాయనుకో, ఆరూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే కేబుల్, ఒకే మెయిన్ స్విచ్ మీద ఉంటే ఆరు కాదమ్మా, ఒకటే. కనీసం రెండు ఫీడర్లుగా విడగొట్టు, వేరు కేబుళ్లు, వేరు దారులు. ఒక సగం పోతే మిగతా సగంతో రొయ్యలు ఉండే మూలన్నా నిలబెట్టవచ్చు.

ఇప్పుడు నీ ప్యానెల్ గురించి సూటిగా. కంట్రోలర్ రిలేను ఎన్‌సీ కాంటాక్ట్ (రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండేది) మీద వెయ్యి. అంటే ఏరేటర్లు ఆపాలంటేనే కంట్రోలర్ కష్టపడాలి, అది చచ్చిపోతే, హ్యాంగ్ అయితే, దాని సప్లై పోతే ఏరేటర్లు వాటంతట అవే తిరగాలి. దానికి వాచ్‌డాగ్ (ప్రాసెసర్ హ్యాంగ్ అయిందా అని కనిపెట్టుకుని ఉండేది) విడి చిప్‌గా పెట్టు, అదే ప్రాసెసర్ లోపలిది వద్దు. కరెంటు వచ్చాక ఆరు మోటార్లూ ఒకేసారి ఎత్తుకోకుండా ఒక్కోదానికి కొన్ని సెకన్ల ఎడం ఇవ్వు, లేకపోతే జనరేటర్ కూర్చుంటుంది. మాన్యువల్ స్విచ్ కంట్రోలర్‌ను పూర్తిగా పక్కనబెట్టేలా ఉండాలి. కాపలా మనిషికి అర్ధరాత్రి నీ మెనూలు వెతికే ఓపిక ఉండదు.

పరీక్షించడం ఎలాగంటే, నువ్వే చెడగొట్టు. ప్రోబ్‌ను నీళ్లలోంచి తీసి గాలిలో వేలాడదీయి, సంతృప్త స్థాయి అంకె రావాలి. తడి గుడ్డ చుట్టు. వైరు కత్తిరించు. కంట్రోలర్ ఫ్యూజ్ తియ్యి. ఒక ఫేజు తియ్యి, అది మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకునే. ఒక ఏరేటర్ గేర్‌బాక్స్ విప్పి మోటారును ఖాళీగా తిప్పు. ప్రతిదానికీ నీ సిస్టమ్ ఎంతసేపటికి కనిపెట్టింది, ఏం చేసింది, కనిపెట్టలేకపోతే ఎందుకు అనేది ఒక పట్టికగా రాయి. వాటిలో రెండు మూడు దొరక్కుండా పోతాయి, అవీ దాచకుండా రాయి. రివ్యూలో ఆ పట్టిక ఒక్కటి చూపిస్తే మూడు సెన్సర్ల సంగతి ఎవరూ అడగరు.

ఒకటి నువ్వు చెప్పలేదు. మీ చెరువు దగ్గర జనరేటర్ ఆటో స్టార్టా, చేత్తో తిప్పేదా? చేత్తో తిప్పేదైతే నీ సిస్టమ్‌లో కాపలా మనిషి కూడా ఒక యాక్చువేటరే, ఆయనకు ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవాలి. ఒక రాత్రి రెండింటికి ఫోన్ చేసి, జనరేటర్ మోత వినపడే దాకా టైమ్ చూడు. ఆ అంకె ఇక్కడ రాస్తే, అలారం గీత 4 దగ్గర పెట్టాలో 4.5 దగ్గర పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.